సిలికాన్ గ్యాస్కెట్ పేస్ట్: గోదావరి జిల్లాల్లో ఇంటి దగ్గర బండి రిపేరు చేసుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దాళ్వా (రబీ) కోతలు అయిపోయాక, సార్వా (ఖరీఫ్) దమ్ము మొదలయ్యేలోపు మన డెల్టాలో చాలా ఇళ్ల ముందు ఏదో ఒక బండి విప్పి ఉంటుంది. ట్రాక్టరో, ఆయిల్ ఇంజినో, కారో, రొయ్యల చెరువు నీళ్లకు గాలి పట్టించడానికి వాడే, గట్టు మీద నుంచి తెచ్చిన ఏరియేటర్ గేర్‌బాక్సో. ఆయిల్ కారుతోందంటే వెంటనే షాపుకెళ్లి సిలికాన్ ట్యూబు తెస్తారు. ఆ ట్యూబు మీద ఉన్న నమ్మకంలో సగం శ్రద్ధ శుభ్రం చేయడం మీద పెడితే చాలా లీకులు మొదటిసారికే ఆగిపోతాయి. రెండు ముఖాలు శుభ్రంగా, చదునుగా ఉండాలి, బోల్టులు సమంగా బిగించాలి, ఒక రోజు ఆగాలి. ఆ తర్వాత మిగిలిన సన్నని సందు పూడ్చడమే పేస్ట్ చేసే పని. కింది జవాబులన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఈ పేస్ట్ అసలు ఏంటి? ట్యూబులో మెత్తగా ఉన్నది బయటికొచ్చాక ఎలా గట్టిపడుతుంది?

ఇది మామూలు గది వేడిలోనే రబ్బరుగా మారే సిలికాన్. ట్యూబు మీద ఆర్‌టీవీ అని ఉండేది అందుకే. గాలిలో ఉన్న తేమ తగలగానే పైపొర దగ్గర మొదలై లోపలికి గట్టిపడుతూ పోతుంది. మామూలుగా 10 నిమిషాల్లో పైన పొర కడుతుంది. లోతుకి అయితే రోజుకు 2, 3 మిల్లీమీటర్లే. ఎండలో పెడితే త్వరగా ఆరిపోతుందని చాలామంది అనుకుంటారు. దీనికి కావాల్సింది ఎండ కాదు, తేమ.

మన షాపుల్లో ఏ కంపెనీది కావాలన్నా అనాబాండ్ అనే అడుగుతుంటారు. అనాబాండ్ 666 అంతగా వాడుకలో ఉంది. పాత మెకానిక్‌లు షెల్లాక్ అంటారు గానీ అది వేరే సరుకు. లక్కను స్పిరిట్‌లో కరిగించి చేస్తారు, గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది. కాగితం ప్యాకింగ్ (గ్యాస్కెట్) జారకుండా పట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది. వణికే రేకు మూతల దగ్గర మాత్రం చిట్లిపోతుంది.

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. అది మంచిదా, చెడ్డదా?

రెండూ. మంచిదేంటంటే పేస్ట్ గట్టిపడటానికి తేమ ఎప్పుడూ తక్కువవదు. చెడ్డదేంటంటే మనకు పని చేసుకోవడానికి దొరికే టైము తగ్గిపోతుంది. ట్యూబు మీద 10 నిమిషాలు అని రాసి ఉన్నా, జూలై ముసురులో నరసాపురంలోనో అంతర్వేదిలోనో అంతసేపు దొరకదు. పైన పొర కట్టేశాక మూత పెడితే ఆ పొర ఎదుటి ముఖానికి అంటుకోదు. పైకి బిగుసుకున్నట్టే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కాక కారడం మొదలవుతుంది. అందుకే పేస్ట్ రాసే ముందే మూత, బోల్టులు, వాషర్లు, స్పానర్ చేతికందేలా పెట్టుకోండి. మూత ఒకసారి ఖాళీగా పెట్టి చూసుకోండి, ఎక్కడైనా తట్టుకుంటుందేమో ముందే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. గాలిలో తేమ కావాలి గానీ ఇనుము మీద తడి ఉండకూడదు. సంక్రాంతి రోజుల్లో మంచు కురిసిన పొద్దున చల్లటి ఇంజిన్ మీద చేయి పెడితే చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మ మీద పేస్ట్ పట్టదు. పొద్దెక్కి ఇనుము పొడిబారాకే పని మొదలుపెట్టండి.

ఎరుపు, నలుపు, బూడిద, నీలం ఇన్ని రంగులున్నాయి. ఏది కొనాలి?

రంగుకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న నియమం అంటూ ఏదీ లేదు. ఎక్కువ కంపెనీల్లో ఎరుపు అంటే ఎక్కువ వేడి తట్టుకునేది, నలుపు అంటే ఆయిల్‌ను బాగా తట్టుకునేది, బూడిదరంగు అంటే గట్టిగా బిగించే పోత భాగాలకు. నీలం పాతకాలపు మామూలు రకం. రాగిరంగుది అన్నిటికన్నా ఎక్కువ వేడికి. మామూలు రకాలు సుమారు 260 డిగ్రీల సెల్సియస్ వరకు, ఎరుపు రకాలు కాసేపటికైతే 340 వరకు తట్టుకుంటాయి. ఇంజిన్ ఆయిల్ వేడి సాధారణంగా 130 దాటదు కాబట్టి ట్యాపెట్ కవర్‌కీ (ఇంజిన్ పైమూత), ఛాంబర్‌కీ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వేడి గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఆయిల్ తట్టుకుంటుందని ట్యూబు మీద ఉందో లేదో చూసుకోండి. ఒకే ట్యూబు కొని ఇంట్లో పెట్టుకోవాలంటే నేనైతే నలుపో, బూడిదరంగో తీసుకోమంటాను.

బాత్రూమ్‌కి, అద్దాలకి, అక్వేరియంకి వాడే సిలికాన్ ఇంట్లో ఉంది. అది పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం. ఆ ఆమ్లం అల్యూమినియాన్ని, రాగిని, ఇత్తడిని తింటుంది. పైగా వేడి ఆయిల్‌లో ఆ సిలికాన్ ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది.

2020 తర్వాత కొన్న బండికి ప్రత్యేకంగా జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) బండ్లలో, బైకులతో సహా చాలావాటికి సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. కొన్ని రకాల సిలికాన్ల నుంచి వచ్చే ఆవిరి క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది పెట్టె) లోంచి, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు ద్వారా ఇంజిన్లోకి వెళ్లి, మండి, ఆ సెన్సార్ మీద పొరలా పేరుకుంటుంది. సెన్సార్ పాడైతే మైలేజీ పడిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. ట్యూబు మీద సెన్సార్ సేఫ్ అని ఉన్నదే కొనండి. కార్లకైతే ఈ జాగ్రత్త 2020కి ముందు నుంచే ఉంది.

ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ అస్సలు వాడకూడదు?

ట్యాపెట్ కవర్, రేకు ఛాంబర్, టైమింగ్ కవర్, డిఫరెన్షియల్ మూత, థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు, ఏరియేటర్ గేర్‌బాక్స్ మూత. ఆయిల్, కూలెంట్ ఉన్న ఇలాంటి చోట్ల కంపెనీ వాళ్లు పేస్ట్ వాడి ఉంటే మీరూ వాడొచ్చు.

పెట్రోలు తగిలే ఏ చోటా వద్దు. కార్బురేటర్ బౌల్, పెట్రోల్ కాక్, ట్యాంకు, ఫ్యూయల్ పంపు ఇవన్నీ అందులోకే వస్తాయి. పెట్రోల్లో సిలికాన్ ఉబ్బిపోయి ముక్కలుగా ఊడి జెట్లకు (కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలకు) అడ్డం పడుతుంది. లీకు ఉన్నది పెట్రోలు దగ్గర కాబట్టి నిప్పు భయం కూడా. సిలిండర్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌కి వద్దు. అక్కడ మంట, పీడనం, నీళ్లు, ఆయిల్ అన్నీ ఒకే చోట ఉంటాయి, సిలికాన్ వాటి ముందు నిలవదు. బ్రేకులకు సంబంధించిన ఏ భాగంలోనూ వద్దు. సైలెన్సర్ బెండు ఇంజిన్‌తో కలిసే చోట కూడా వద్దు. అక్కడి వేడి ఏ రంగు సిలికాన్‌కైనా మించిపోతుంది. దానికి రింగు ప్యాకింగ్ కొత్తది వేయాలి, కావాలంటే సైలెన్సర్ కోసమే అమ్మే పేస్ట్ వాడాలి.

కాగితం ప్యాకింగ్ ఉన్నచోట పేస్ట్ కూడా రాస్తే ఇంకా గట్టిగా ఉంటుందా?

ఉండదు. కాగితం ప్యాకింగ్ రెండు ముఖాల మధ్య రాపిడి వల్లే నిలుస్తుంది. సిలికాన్ రాస్తే అది జారే పొరలా పనిచేసి, బోల్టు బిగించేకొద్దీ ప్యాకింగ్ పక్కకి జరిగిపోతుంది, ఒక్కోసారి చిరుగుతుంది కూడా. కొత్త ప్యాకింగ్‌ను పొడిగానే వేయండి. రబ్బరు ప్యాకింగ్, ఓ-రింగ్ ఉన్నచోటా అంతే. కొన్ని కార్లలో రబ్బరు ప్యాకింగ్ ఉన్న ట్యాపెట్ కవర్ కింద, టైమింగ్ కవర్ హెడ్‌తో కలిసే మూలల్లో, అర్ధచంద్రం ఆకారంలో ఉన్న చోట పేస్ట్ చుక్క పెట్టమని సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ మూలల వరకే పెట్టండి.

ప్యాకింగ్ దొరకలేదని దాని బదులు పేస్ట్ ఒక్కటే పెట్టేయడం మరో అలవాటు. ప్యాకింగ్ మందం కూడా లెక్కలో భాగమే. అరమిల్లీమీటరు కాగితం తీసేస్తే లోపల షాఫ్టుకి ఉండాల్సిన ఆట (కదలడానికి ఖాళీ) తగ్గి బేరింగ్ బిగుసుకుంటుంది, ఆయిల్ పంపు మూత దగ్గరైతే పంపే పట్టేస్తుంది. అమలాపురంలో దొరక్కపోతే రాజమండ్రి నుంచో, కాకినాడ నుంచో తెప్పించుకోండి. కాదంటే అదే మందం ఉన్న ప్యాకింగ్ షీటు కొని, పాతదాన్ని అచ్చుగా పెట్టి కత్తిరించుకోండి.

పేస్ట్ కాస్త ఎక్కువే రాస్తే నష్టం ఏముంది?

ఇంజిన్ పోతుంది. మూత బిగించినప్పుడు ఎంత పేస్ట్ బయటికి ఉబికిందో అంతే లోపలికీ ఉబుకుతుంది. బయటిది కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలిది పురుగులా వేలాడుతూ గట్టిపడి, వేడి ఆయిల్ దెబ్బకు కొన్నాళ్లకు తెగి ఛాంబర్‌లో పడుతుంది. అక్కడి నుంచి ఆయిల్ పంపు దాన్ని ఆయిల్ వడకట్టే జాలీ మీదికి లాక్కుంటుంది. జాలీ మూసుకుపోతే ఆయిల్ పైకి ఎక్కదు, బేరింగులు పట్టేస్తాయి. షెడ్డులో పట్టేసిన ఇంజిన్ విప్పినప్పుడు ఆయిల్ జాలీని చూపించమని అడగండి. నల్లటి, ఎర్రటి రబ్బరు పోగులు దానికి చుట్టుకుని కనిపిస్తే ఇంజిన్ ఎందుకు పోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత పేస్ట్ ఎలా తీయాలి? డీజిల్‌తో కడిగితే చాలా?

పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు, కాబట్టి మొత్తం పోవాలి. దాన్ని కరిగించే మందు మన షాపుల్లో దొరికే వాటిలో లేదు, గీకాల్సిందే. అల్యూమినియం మీద ఇనుప ఉలి, స్క్రూడ్రైవర్ పెట్టకండి. ఒక్క గీత పడితే ఆ గీతలోంచే ఆయిల్ వస్తుంది. గట్టి ప్లాస్టిక్ ముక్కతోనో, బ్లేడు దాదాపు పడుకోబెట్టి జాగ్రత్తగానో గీకండి. గ్రైండర్‌కి ఎమరీ చక్రం తగిలించి రుద్దడం చూస్తుంటాను, అది మానేయండి. ఆ ఎమరీ పొడి ఇంజిన్లో పడితే బేరింగులను అరగదీస్తుంది. గీకే ముందు లోపలి రంధ్రాలకు గుడ్డ కుక్కి, అయ్యాక లెక్కపెట్టి తీసేయండి.

డీజిల్, కిరోసిన్ మురికిని వదిలిస్తాయి, నిజమే. కానీ అవి పోతూ పోతూ జిడ్డు పొర వదిలిపోతాయి. సిలికాన్ ఊడిపోవడానికి మన ఊళ్లలో మొదటి కారణం ఇదే. డీజిల్‌తో కడిగినా సరే, చివర్లో బ్రేక్ క్లీనర్‌తోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో, అసిటోన్‌తోనో తెల్లటి గుడ్డ తడిపి తుడవండి. గుడ్డ నల్లబడకుండా వచ్చేవరకు తుడవాలి. ఆ తర్వాత వేలితో ముట్టుకోవద్దు. ఇదంతా గాలి ఆడే చోట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయండి.

కారు ఛాంబర్‌కి పేస్ట్ పెట్టడం మొదటి నుంచి చివరి వరకు చెబుతారా?

ముందు బండిని లేపడం గురించి. మన ఒండ్రు నేల మెత్తన, జాకీ దిగబడుతుంది. కింద మందపాటి చెక్క వేయండి, జాకీ మీద బండి ఉండగా కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టాకే దూరండి. ట్రాక్టరు ఛాంబర్ అయితే ఇంటి దగ్గర విప్పకండి. చాలా ట్రాక్టర్లలో అది ఇనుప పోత, ముందు ఇరుసు బరువు మోసేది అదే. అది షెడ్డు పని.

ఆయిల్ మొత్తం దించేశాక రేకు ఛాంబర్‌ను విప్పి, శుభ్రం చేసి, చదునైన బండ మీద బోర్లించి చూడండి. బోల్టు రంధ్రాల చుట్టూ రేకు లోపలికి గుంట పడి ఉంటుంది, ఇదివరకు ఎవరో బలంగా బిగించిన గుర్తు. ఆ గుంట ఉన్నంతకాలం రెండు రంధ్రాల మధ్యలో రేకు ఆనదు, ఎంత మంచి పేస్ట్ పెట్టినా కారుతుంది. గట్టి చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చదును చేయండి. పనిలో ఎక్కువ సేపు దీనికే పట్టాలి.

పైన ఇంజిన్ అంచు మీదికి ఆయిల్ చుక్కలు ఇంకా దిగుతూనే ఉంటాయి. రాత్రంతా అలా వదిలేసి పొద్దున తుడిస్తే చుక్కలు ఆగుతాయి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ ఉంటే గుడ్డ పురి పెట్టి తీసేయండి. అడుగు మూసుకుపోయి ఉన్న రంధ్రంలో ఆయిల్ ఉండగా బోల్టు బిగిస్తే, ఆ ఆయిల్‌కి పోయే దారి లేక పోత పగిలిపోవచ్చు.

ట్యూబు ముక్కును 2, 3 మిల్లీమీటర్ల రంధ్రం వచ్చేలా ఏటవాలుగా కోయండి. ఛాంబర్ అంచు మీద ఒకే ధారగా, మధ్యలో తెగకుండా గీయండి. ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా ధార రంధ్రానికి లోపలివైపు నుంచి, అంటే ఆయిల్ ఉండే వైపు నుంచి తిరగాలి. రంధ్రం బయటినుంచి పోతే ఆయిల్ బోల్టు మర వెంట కిందికి దిగుతుంది. మొదలుపెట్టిన చోటికి వచ్చాక కొంచెం కలిసేలా ఆపండి. వేలితో పామి పలచగా చేయకండి. ధార ధారగానే ఉండాలి, రెండు ముఖాలు కలిసినప్పుడు అదే నొక్కుకుని పరుచుకుంటుంది.

వెంటనే ఛాంబర్‌ను నిటారుగా పైకి లేపి పెట్టండి, పక్కకి జరపకండి. బోల్టులన్నీ చేత్తోనే తగిలించి, మధ్య నుంచి అటూ ఇటూ మారుస్తూ బయటికి బిగించుకుంటూ రండి. ముందు సగం, తర్వాత పూర్తిగా. చుట్టూ సన్నని గీతలా పేస్ట్ ఉబికితే ధార సరిపోయినట్టే. గడ్డలుగా వస్తే ఎక్కువైంది, ఛాంబర్ దించి మళ్లీ తుడిచి పెట్టడమే మంచిది.

బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ లేదు. ఎంత బిగించాలి?

అల్యూమినియంలోకి వెళ్లే 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. వాటి తల 8 నెంబరో, 10 నెంబరో. స్పానర్‌ను బోల్టుకి 10 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే సుమారు 10 కిలోల బలం. పొడుగు స్పానర్ చివర పట్టుకుని లాగితే అంతకు ఎంతో మించిపోతుంది, మర ఊడి వచ్చేస్తుంది. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

ఎంతసేపు ఆగాలండి? రేపు పొద్దున్నే దమ్ముకి వెళ్లాలి.

24 గంటలు. గంట తర్వాత ఆయిల్ పోయొచ్చని, వెంటనే స్టార్ట్ చేయొచ్చని చెప్పే రకాలు కూడా ఉన్నాయి, వాటికి ట్యూబు మీద ఉన్న మాటే లెక్క. మిగతా వాటికి రేపు పొద్దున అన్నది కుదరదు. పేస్ట్ పచ్చిగా ఉండగా ఆయిల్ పోస్తే దానికీ ఇనుముకీ మధ్యలోకి ఆయిల్ చేరిపోతుంది. దమ్ము చక్రాలు తగిలించి పొలంలో దిగాక ఆయిల్ కారితే ఆ రోజు పనీ పోతుంది, మడిలో ఆయిలూ పడుతుంది. ఎటూ ఆగలేని పరిస్థితి అయితే ఆ లీకు చిన్నదైనంత వరకు ఆయిల్ చూసుకుంటూ పోసుకుంటూ నడిపి, తీరిక దొరికాక విప్పండి.

చెరువు మీద ఏరియేటర్ గేర్‌బాక్స్ కారుతోంది. విప్పకుండా పైనుంచే పేస్ట్ పూయొచ్చా?

లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆ పూత కింద పొర కట్టి దాన్ని తోసేస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగినట్టు కనిపిస్తుంది, అంతే. అలాగని రాత్రిపూట ఏరియేటర్ ఆపేయడం కూడా కుదరదు. తెల్లవారుజామునే నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది, రొయ్య తేలేది అప్పుడే. ఆయిల్ మట్టం చూసి పోసి ఆ రాత్రి నడపండి. మధ్యాహ్నం, నీళ్లలో పచ్చదనం వల్ల ప్రాణవాయువు బాగా ఉన్నప్పుడు, ఆ గేర్‌బాక్స్‌ను తీసి స్పేర్ తగిలించండి. తీసినదాన్ని గట్టు మీద హడావుడిగా కాకుండా ఇంటికి తెచ్చి విప్పండి. అన్ని ఏరియేటర్లకు కలిపి ఒక స్పేర్ గేర్‌బాక్స్ ఉంచుకోవడం ఎన్ని ట్యూబులకన్నా మేలు. అలాగే, కారేది మూత అంచు నుంచా, షాఫ్టు దగ్గర నుంచా చూడండి. షాఫ్టు దగ్గరైతే ఆయిల్ సీల్ మార్చాలి, పేస్ట్‌తో పని లేదు.

అన్నీ సరిగ్గానే చేశాం, మళ్లీ కారుతోంది. ఎందుకు?

కారే చోటు అసలు అదేనా అన్నది ముందు చూడండి. ఆయిల్ పైనెక్కడో పుట్టి కిందికి జారుతుంది. ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి ఆరాక, అనుమానం ఉన్న చోటల్లా ముఖానికి రాసే పౌడర్ చల్లి, కాసేపు నడిపి చూడండి. ఎక్కడ మొదట తడి గీత పడిందో అదే చోటు.

రెండోది బ్రీదర్. దమ్ములో తిరిగే ట్రాక్టరుకి బ్రీదర్ బురదతో మూసుకుపోతుంటుంది. లోపలి గాలికి దారి లేకపోతే ఆ పీడనం ఆయిల్‌ను దొరికిన ప్రతి అతుకులోంచీ బయటికి తోస్తుంది. ఒక చోట ఆపితే ఇంకో చోట మొదలవుతుంది. రెండు మూడు చోట్ల ఒకేసారి లీకులు కనిపిస్తే పేస్ట్ పక్కన పెట్టి బ్రీదర్ విప్పండి.

గేర్‌బాక్స్ పోత భాగాల మధ్య కంపెనీ వాళ్లు వేరే పేస్ట్ వాడారు, ఎర్రగా జెల్లీలా ఉంది. అదేంటి?

అది ఎనరోబిక్ రకం. గాలి అందకుండా లోహాల మధ్య చిక్కుకున్నప్పుడే గట్టిపడుతుంది. మిషన్ మీద చదును చేసిన రెండు పోత ముఖాల మధ్య పావు మిల్లీమీటరు లోపు సందు ఉన్నచోట దానికే నా ఓటు. లోపలికి ఉబికినది గట్టిపడకుండా ఆయిల్లో కలిసిపోతుంది కాబట్టి జాలీకి అడ్డం పడే బెడద తక్కువ. రేకు మూతలకు మాత్రం సిలికానే.

వరదలో మునిగిన బండికి పేస్ట్ పెట్టి మళ్లీ సీల్ చేయాలా?

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన ఇంజిన్లోకి నీళ్లు వెళ్లేది ఎక్కువగా ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు, బ్రీదరు దారుల్లోనే. పేస్ట్ అతుకులు బాగుంటే వాటిని కదపక్కర్లేదు. స్టార్ట్ మాత్రం చేయొద్దు, సెల్ఫ్ కూడా కొట్టొద్దు. ముందు డ్రెయిన్ బోల్టు విప్పి చూడండి. నీళ్లు విడిగా వచ్చినా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వచ్చినా మొత్తం దించి, ఫిల్టరు మార్చి, ప్లగ్గు తీసి సిలిండర్లో నీళ్లు లేవని తేల్చుకున్నాకే ముందుకెళ్లండి.

ఒకసారి తెరిచిన ట్యూబు మళ్లీ పనికొస్తుందా?

మన తేమలో జాగ్రత్తగా ఉంచితేనే. వాడాక ట్యూబు నొక్కి గాలి పోగొట్టి, కొంచెం పేస్ట్ ముక్కులోంచి బయటికి వచ్చాక మూత బిగించండి. ఆ కొస గట్టిపడి బిరడాలా ఉంటుంది, మళ్లీ వాడేటప్పుడు స్క్రూ దింపి లాగేస్తే చాలు. పిండితే గడ్డలు గడ్డలుగా వచ్చినా, డబ్బా మీద గడువు దాటినా పారేయండి. కొనేటప్పుడు కూడా గడువు చూడండి, చిన్న ఊళ్ల షాపుల్లో ఏళ్ల తరబడి నిలవ ఉన్న ట్యూబులు దొరుకుతుంటాయి.

చేతులకి అంటుకుంది, పోవట్లేదు.

నీళ్లు పోయకండి, తడి తగిలితే ఇంకా త్వరగా పట్టేస్తుంది. పచ్చిగా ఉండగానే పొడి గుడ్డతో తుడిచేసి తర్వాత సబ్బుతో కడగండి. గట్టిపడిపోయిందంటే రెండు రోజుల్లో దానంతటదే ఊడిపోతుంది. కంట్లో పడితే మాత్రం 15 నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ట్యూబు కూడా వెంట తీసుకెళ్లండి, అందులో ఏముందో డాక్టరు చూస్తారు.